గస్తీ బొలెరో మీద 360 కెమెరా: ఏది పెట్టించాలి?

అనంత గస్తీ, అనంతపురం
అన్నలందరికీ నమస్కారం. నేను అనంతపురంలో ఒక చిన్న సెక్యూరిటీ ఏజెన్సీలో సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నాను. తాడిపత్రి వైపు ఒక సోలార్ ప్లాంటు కాంట్రాక్టు మాది. చుట్టూ కంచె 11 కిలోమీటర్లు. రాత్రంతా ఒక బొలెరో తిరుగుతుంది, అందులో డ్రైవర్, ఇద్దరు గార్డులు.

మూడు నెలల్లో రెండుసార్లు రాగి కేబుల్ కోసుకుపోయారు. రెండోసారి తెల్లారి చూస్తే కంపచెట్ల వెనకాల చెప్పుల గుర్తులు, కాల్చి పడేసిన బీడీలు ఉన్నాయి. మా బండి పోయే దారికి కొలిస్తే సరిగ్గా 40 అడుగులు. అంటే మావాళ్లు పక్కనుంచి పోతుంటే వాళ్లు కూర్చుని చూస్తూనే ఉన్నారు. ముందు అద్దానికి ఉన్న డాష్‌క్యామ్‌లో రోడ్డు తప్ప ఇంకేమీ పడలేదు.

ఇప్పుడు ప్లాంటు వాళ్లు బండి మీద నాలుగు దిక్కులూ రికార్డయ్యే కెమెరా పెట్టించమంటున్నారు. ఒక డీలరు 12 మెగాపిక్సెల్ ఫిష్‌ఐ, అంటే ఒకే లెన్సుతో చుట్టూ గుండ్రంగా తీసే కెమెరా, ఒక్కటి చాలు అంటాడు. ఇంకొకాయన నాలుగు లెన్సుల బొమ్మల్ని అతికించి చుట్టూ చూపే పనోరమిక్ తీసుకోమంటాడు. బడ్జెట్ అన్నీ కలిపి రెండున్నర లక్షలు. మళ్లీ దొంగతనం జరిగితే కాంట్రాక్టు పోతుంది, 22 మంది గార్డుల జీతాలు దాని మీదే నడుస్తున్నాయి. చానా టెన్షన్‌గా ఉంది. వాడినవాళ్లు చెప్పండి.

పెన్నా ఒడ్డు, తాడిపత్రి
కొత్త కార్లలో 360 కెమెరా వస్తోంది కదా అన్నా, పైనుంచి చూసినట్టు బండి మొత్తం స్క్రీన్ మీద కనిపిస్తుంది. యాక్సెసరీస్ షాపులో బయటి కిట్ కూడా బిగిస్తారు. అది చాలదా?

సీమ కేబుల్, కర్నూలు
చాలదు తమ్ముడూ. ఆ 360 పార్కింగ్ కోసం పుట్టింది. బంపర్లకు రెండు, సైడ్ మిర్రర్లకు రెండు చిన్న కెమెరాలు పెట్టి, నాలుగు బొమ్మల్నీ నేల మీద చాప పరిచినట్టు అతికిస్తారు. రెండు మూడు మీటర్లు దాటితే ఆ బొమ్మ సాగిపోతుంది. నిలబడ్డ మనిషి నేల మీద పొడుగ్గా పడుకున్నట్టు కనిపిస్తాడు. గస్తీకి పనికిరాదు.

అనంత గస్తీ, ఇప్పుడు మీ ఫిష్‌ఐ సంగతి. నేను పన్నెండేళ్లుగా కెమెరాలు బిగిస్తున్నాను, ఫిష్‌ఐ మీద నాకు ద్వేషం ఏమీ లేదు. కిరాణా దుకాణంలో, బ్యాంకు హాల్లో పైకప్పుకు పెడితే ఒక్కటే నాలుగు కెమెరాల పని చేస్తుంది. బండి మీద మాత్రం వద్దు. లెక్క చూడండి. 12 మెగాపిక్సెల్ అంటే అడ్డంగా 4000, నిలువుగా 3000 పిక్సెళ్లు. ఫిష్‌ఐ బొమ్మ గుండ్రంగా పడుతుంది కాబట్టి 3000 వ్యాసమున్న వృత్తమే పనికొస్తుంది. అది సుమారు 70 లక్షల పిక్సెళ్లు. మిగతా 50 లక్షలు నాలుగు మూలల్లో నల్లగా ఉండిపోతాయి. పోల్ మీద కిందికి చూసేలా పెడితే ఆ వృత్తం నడిబొడ్డున మీ బొలెరో టాప్ ఉంటుంది. మీకు కావలసిన కంపచెట్లు అంచుల్లో నలిగిపోతాయి.

నాలుగు లెన్సుల పనోరమిక్‌లో ఒక్కొక్కటి 2 మెగాపిక్సెల్ అనుకుందాం. 1920 చొప్పున చుట్టూ 7680 పిక్సెళ్లు. బండికి 20 మీటర్ల దూరంలో చుట్టూ గీత గీస్తే 125 మీటర్ల పైచిలుకు వస్తుంది. అంటే మీటరుకు 61 పిక్సెళ్లు. 10 మీటర్లలో 122. అతుకుల దగ్గర కొంత పోతుంది, అది తీసేసుకోండి.

అనంత గస్తీ, అనంతపురం
అన్నా, మీటరుకు 61 అంటే మంచిదా, తక్కువా? నాకు ఆ లెక్క తెలియదు.

సీమ కేబుల్, కర్నూలు
మంచి ప్రశ్న. డీలర్లు చెప్పని సంగతి ఇదే. వీడియో నిఘాకు ఐఈసీ 62676-4 అని అంతర్జాతీయ ప్రమాణం ఉంది. దాని 2014 నాటి కూర్పు ప్రకారం అక్కడ మనిషి అంటూ ఒకడున్నాడని తెలియడానికి మీటరుకు 25 పిక్సెళ్లు కావాలి. ఏం బట్టలు, ఏం చేస్తున్నాడు అని చూడటానికి సుమారు 62. ముందే ఎరిగున్న మనిషిని పోల్చుకోవడానికి 125. ముక్కూమొహం తెలియనివాణ్ణి సందేహం లేకుండా ఫలానా అని తేల్చడానికి 250.

ఇప్పుడు మీ దొంగల దగ్గరికి వద్దాం. 40 అడుగులు అంటే 12 మీటర్లు. అక్కడ ఈ కెమెరా మీటరుకు 100 పిక్సెళ్లు ఇస్తుంది. ఇద్దరున్నారు, ఒకడి దగ్గర గోనెసంచి ఉంది, బైకు చెట్టుకు ఆనించి ఉంది అని తెలుస్తుంది. మొహం తేలదు. 250 కావాలంటే ఐదు మీటర్ల లోపలికి రావాలి. ఇదంతా పట్టపగటి లెక్క. రాత్రి ఇంకా తగ్గుతుంది.

కాబట్టి పనోరమిక్ కొనండి, కానీ ఒక్కదాంతో దొంగ దొరుకుతాడని ప్లాంటు వాళ్లకు మాట ఇవ్వకండి. ఏం జరిగిందో అది చెబుతుంది. ఎవరు చేశారో చెప్పడానికి పక్కన ఇంకో కెమెరా ఉండాలి. ముందొకటి, వెనకొకటి ఇరుకు కోణం లెన్సుతో నంబర్ ప్లేటు కోసం. కారు ప్లేటు అర మీటరు వెడల్పు. దాని మీద 150 పిక్సెళ్లు పడితే అక్షరాలు హాయిగా చదవొచ్చు. 20 మీటర్ల దగ్గర అది కావాలంటే 1920 పిక్సెళ్లను ఆరున్నర మీటర్ల వెడల్పులో సర్దాలి, అంటే 18 డిగ్రీల కోణం. మామూలు 1/2.8 అంగుళాల సెన్సర్‌కు 16 ఎంఎం లెన్సు అడగండి. బైకు వెనక ప్లేటు 20 సెంటీమీటర్లే కాబట్టి దానికి ఇంకా దగ్గరికి పోవాలి.

క్వారీ కన్ను, ఎర్రగుంట్ల
కర్నూలు అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. నేను పడిన దెబ్బ ఒకటి చెబుతాను, వీళ్లకైనా ఉపయోగపడుతుంది.

మా క్వారీ గస్తీ బండికి నాలుగు లెన్సుల కెమెరానే పెట్టించాం. బిగించినాయన టాప్ మీద సరిగ్గా మధ్యలో, తక్కువ ఎత్తులో పెట్టాడు. చూడ్డానికి నీటుగా ఉంది. నెల తర్వాత ఒక రాత్రి బండి ఆగి ఉన్నప్పుడే పక్కనుంచి డీజిల్ తీసేశారు. వీడియోలో ఎవరూ లేరు! ఎందుకని కూర్చుని టేపుతో కొలిచాను. నేలకు టాప్ 1.8 మీటర్లు. కెమెరా దాని మీద 25 సెంటీమీటర్లు. టాప్ అంచు మధ్య నుంచి 80 సెంటీమీటర్ల దూరం. కెమెరా చూపు ఆ అంచును తాకుతూ కిందికి దిగితే నేలను తాకేది ఆరున్నర మీటర్ల అవతల. అంటే బండి పక్కనుంచి ఐదున్నర మీటర్ల పైదాకా నేల కనిపించదు. నిలబడితే తల కనిపిస్తుంది, వంగితే మనిషే లేడు.

అదే కెమెరాను టాప్ మీద ఒక మీటరు పైపు వేసి ఎత్తితే, ఆ గుడ్డి జాగా బండి పక్కన మీటరున్నరకు వచ్చేస్తుంది. మేం అలాగే మార్చాం. ఒక్క జాగ్రత్త, సన్న పైపు వేస్తే గుంతల్లో బొమ్మ ఊగుతుంది. క్యారియర్‌కు రెండు వైపులా దన్నులు ఇచ్చి వెల్డింగ్ చేయించండి.

ఇంకో సంగతి, అతుకు. రెండు లెన్సులూ ఒకే చోట ఉండవు కదా, వాటి మధ్య కొన్ని అంగుళాల ఎడం ఉంటుంది. కంపెనీలో ఒక దూరానికి లెక్కగట్టి అతికిస్తారు. అంతకంటే దగ్గరికి వచ్చిన వస్తువు అతుకు దగ్గర రెండుగా కనిపిస్తుంది, లేదా సగం మాయమవుతుంది. మా గేటు కాపలాదారు బండికి ఆనుకుని నిలబడితే ఆయన చేతిలో టార్చి రెండు టార్చిలైంది, మోచేయి లేదు. డ్రైవర్ తలుపు, డీజిల్ ట్యాంకు మూత అతుకు మీదికి రాకుండా కెమెరాను తిప్పి బిగించమని చెప్పండి.

తుంగభద్ర, కర్నూలు
రాత్రి వెలుతురు గురించి నేనొకటి చెప్పాలి. ఉత్సవాల్లో తాత్కాలిక కెమెరాలు పెట్టడం నా పని. మా జిల్లాలో దేవరగట్టు బన్ని ఉత్సవం అందరికీ తెలిసిందే, దసరా రాత్రి కర్రలు, కాగడాలు, వేల జనం. అలాంటి చోట పనోరమిక్ కెమెరా పడే అవస్థ దగ్గర్నుంచి చూశాను. ఒక లెన్సుకు ఎదురుగా కాగడా మంట. దాని పక్క లెన్సుకు కటిక చీకటి. ఏ లెన్సుకు ఆ లెన్సు వెలుతురు సర్దుకుంటుంది కాబట్టి, అతికించిన బొమ్మలో ఒక పట్టీ తెల్లగా, పక్క పట్టీ నల్లగా వస్తుంది. కాగడా పట్టుకున్నవాడు అతుకు దాటి నడిస్తే ఒక్క అడుగులో మొహం మాయం.

మీ బండికి కాగడాల బదులు ఎదుటి లారీ హెడ్‌లైట్లు, ప్లాంటు గేటు ఫ్లడ్‌లైటు. సెట్టింగుల్లో వైడ్ డైనమిక్ రేంజ్ (వెలుతురు, చీకటి రెండూ ఒకే బొమ్మలో కనిపించేలా సర్దేది) ఆన్ చేసి, నాలుగు లెన్సులకూ వెలుతురు సర్దుబాటు ఒకేలా కట్టే అవకాశం ఉందేమో అడగండి.

షట్టర్ కూడా చూడండి, అంటే ఒక్కో బొమ్మకు కెమెరా కన్ను ఎంతసేపు తెరిచి ఉంటుందో. చీకట్లో కెమెరా తనంతట తాను 1/25 సెకనుకు దిగిపోతుంది. బండి గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఆ కాసేపట్లో 33 సెంటీమీటర్లు కదులుతుంది. పక్కనున్నదంతా పులిమినట్టు వస్తుంది. 1/200 పెట్టి, డ్రైవర్‌ను గంటకు 10లో పొమ్మంటే ఒకటిన్నర సెంటీమీటర్లు దాటదు. షట్టర్ వేగం పెంచితే బొమ్మ చీకటి పడుతుంది, అందుకు పెద్ద సెన్సర్ ఉన్నది, లేదా బయట కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ లైట్లు కావాలి. ఆ లైట్లు కెమెరా గాజుకు దూరంగా ఉండాలి. మన సీమ దుమ్ము గాజు మీద పేరుకుంటే ఇన్‌ఫ్రారెడ్ దాని మీదే పడి మొత్తం పాల మీగడ కప్పినట్టు అవుతుంది. రోజూ డ్యూటీ ఎక్కేముందు తడిగుడ్డతో తుడవడం గార్డు పని అని రిజిస్టర్‌లో రాయండి.

బ్యాటరీ బాషా, కడప
నేను ఆటో ఎలక్ట్రీషియన్‌ను. కెమెరాల పిక్సెళ్లు నాకు తెలియవు, కానీ ఇలాంటి బండ్లు నా షెడ్డుకు ఎందుకొస్తాయో తెలుసు. పదింట ఎనిమిది వైరింగ్ వల్లే.

పోయిన వేసవిలో ఒక గస్తీ జీపు వచ్చింది. రికార్డింగ్ మధ్యమధ్యలో ఆగిపోతోందని ఫిర్యాదు. టాప్ మీద చూస్తే ఇంట్లో ఇంటర్నెట్‌కు వాడే ప్లాస్టిక్ జాక్, దాని చుట్టూ నల్ల ఇన్సులేషన్ టేపు. ఎండకు టేపు జిగురు కరిగి జాక్ లోపలికి కారింది, ఆ జిగురుకు ఎర్రమట్టి పట్టింది. లోపలి ఎనిమిది పిన్నుల్లో మూడు పచ్చగా చిలుం పట్టాయి. జాక్ కొక్కెం ఎప్పుడో విరిగిపోయింది, గుంత తగిలినప్పుడల్లా ఊడి మళ్లీ తగులుకుంటోంది. మర తిప్పి బిగించే ఎం12 కనెక్టర్లు బండ్ల కోసమే ఉన్నాయి. నాలుగు వందలు ఆదా చేద్దామని అవి మానకండి.

కరెంటు లెక్క: కెమెరా 25 వాట్లు, రికార్డర్ 20, రూటర్ 10 అనుకుంటే 55. 12 వోల్టుల దగ్గర నాలుగున్నర ఆంపియర్ల పైనే. ఇంజన్ ఆపి ఎనిమిది గంటలు నడిపితే 37 ఆంపియర్ అవర్లు పోతాయి. 75 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అయినా సగం ఖాళీ, తెల్లారి సెల్ఫ్ కొట్టదు. అందుకని రెండో బ్యాటరీ వేరుగా పెట్టుకోండి, లేదంటే వోల్టేజీ 12.1కి దిగగానే కట్ అయ్యే యూనిట్ వేయించండి. ఫ్యూజు బ్యాటరీ టెర్మినల్ పక్కనే ఉండాలి. రికార్డర్ దగ్గర పెడితే మధ్యలో వైరు ఒరుసుకుని షార్ట్ అయినప్పుడు బండి కాలుతుంది. ఇది చేతులెత్తి మొక్కి చెబుతున్నా.

అనంత గస్తీ, అనంతపురం
బాషా అన్నా, చానా థాంక్స్. ఎండ గురించి కూడా భయంగా ఉంది. ఏప్రిల్, మే నెలల్లో బండి పగలంతా షెడ్డు లేకుండా నిలబడి ఉంటుంది. రికార్డర్ డాష్‌బోర్డులో పెడతామంటున్నారు.

బ్యాటరీ బాషా, కడప
డాష్‌బోర్డు అసలే వద్దు. అద్దం వెనక ఎండకు అది పొయ్యి. సీటు కింద పెట్టించండి, గాలి ఆడే చోట. హార్డ్‌డిస్క్ కాకుండా, లోపల తిరిగే భాగాలు లేని ఎస్ఎస్‌డీ అడగండి. తిరిగే డిస్కు కుదుపులకూ ఆగదు, వేడికీ ఆగదు. డిస్కు సైజు ఎంతో సీమ కేబుల్ అన్న చెప్పాలి.

సీమ కేబుల్, కర్నూలు
వీడియోను కుదించే హెచ్.265 పద్ధతిలో మొత్తం సెకనుకు 8 మెగాబిట్లు కడితే గంటకు 3.6 జీబీ. 12 గంటల రాత్రికి 43 జీబీ. ముప్పై రోజులకు 1.3 టెరాబైట్లు. ముందూ వెనకా కెమెరాలు కూడా కలుపుకుని 2 టెరాబైట్లు తీసుకోండి. ఇంట్లో వాడే డీవీఆర్ (వీడియో రికార్డర్) పెట్టొద్దు, బండ్ల కోసం చేసిన మొబైల్ డీవీఆర్ తీసుకోండి. కరెంటు హఠాత్తుగా పోయినా చివరి ఫైలు పాడవకుండా మూసేంత నిల్వ దానిలో ఉందో లేదో అడగండి.

ఇంకోటి. 2025 ఏప్రిల్ 9 నుంచి మన దేశంలో అమ్మే సీసీ కెమెరాలకు కేంద్రం సైబర్ భద్రత పరీక్షలు తప్పనిసరి చేసింది. కేంద్ర ప్రభుత్వ పరీక్షా సంస్థ ఎస్‌టీక్యూసీ సర్టిఫికెట్ ఉందా అని మోడల్ నంబరుతో సహా అడగండి. పాత స్టాకు తక్కువ ధరకు అంటగట్టేవాళ్లు ఉన్నారు.

కడప వకీలు, కడప
కెమెరా మాటలు బాగున్నాయి. ఆ వీడియో కోర్టు మెట్లెక్కాక ఏమవుతుందో కూడా వినండి.

2024 జూలై 1 నుంచి పాత సాక్ష్యాధారాల చట్టం పోయి భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. ఎలక్ట్రానిక్ సాక్ష్యం గురించిన పాత 65బి స్థానంలో ఇప్పుడు సెక్షన్ 63. వీడియో కాపీ ఇస్తే దానితోపాటు సర్టిఫికెట్ ఇవ్వాలి. రెండు భాగాలు: ఒకటి పరికరం ఎవరి అధీనంలో ఉందో వాళ్లు, రెండోది నిపుణుడు సంతకం చేయాలి. అందులో ఫైలు హాష్ విలువ రాయాలి. అది ఫైలుకు వేలిముద్ర లాంటిది, ఒక్క అక్షరం మారినా మారిపోతుంది. సర్టిఫికెట్ తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2020లోనే అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో తేల్చి చెప్పింది. మీ గార్డు స్క్రీన్‌ను ఫోనుతో తీసి వాట్సాప్‌లో పంపిస్తే అది వార్తకు పనికొస్తుంది, సాక్ష్యంగా నిలబడటం కష్టం.

నా చేతిలోకి వచ్చిన ఒక దొంగతనం కేసులో జరిగింది చెబుతాను, పేర్లు వద్దు. ఫిర్యాదులో రాత్రి 2 గంటల 17 నిమిషాలు. వీడియో మీద సాయంత్రం 8 గంటల 47 నిమిషాలు. రికార్డర్ జీపీఎస్ నుంచి గ్రీన్విచ్ టైమ్ తీసుకుంటోంది, మన ఐదున్నర గంటల తేడా ఎవరూ కట్టలేదు. ఎదుటి వకీలు దాని మీదే గంటసేపు నిలబడ్డాడు. బండిని కాపలా కాసిన గార్డు బోనులో చెమటలు పట్టి నిలబడితే నాకు కడుపు తరుక్కుపోయింది, అతని తప్పు ఏమీ లేదు. బిగించిన రోజే ఫోను గడియారం పక్కన పెట్టి స్క్రీన్ ఫొటో తీసి దాచండి.

మిట్టపల్లె, అనంతపురం జిల్లా
ఇంతసేపూ చదివాను. నేను సెక్యూరిటీ మనిషిని కాదు, రైతును. మా ఊరి పక్కన కూడా గాలిమరలు, కంచెలు వచ్చాయి. ఆ గస్తీ బండ్లు తిరిగే దారే మా పొలాల దారి. తెల్లారుజామున ఆడవాళ్లు ఆ కంపచెట్ల వైపే పోతారు, మడకలు, గొర్రెలు అన్నీ అటే. నాలుగు దిక్కులూ తీసే కెమెరా అంటే మా ఇంటి వాళ్లనూ తీస్తుంది. దొంగలను పట్టుకోండి, మా మోటార్ల రాగి కూడా పోయింది, ఆ మంట మాకూ ఉంది. కానీ ఆ వీడియోలు ఎవరి ఫోన్లలోకి పోతాయో మాకు ఎవరు చెబుతారు?

అనంత గస్తీ, అనంతపురం
పెద్దాయనా, మీరు అడిగింది న్యాయం. నాకు ఈ ఆలోచన రాలేదు. క్షమించండి.

సీమ కేబుల్, కర్నూలు
గోడకు బిగించిన కెమెరాలో అయితే పక్కింటి కిటికీ మీద నల్ల పట్టీ వేసి కప్పేస్తాం. బండి కదులుతుంది కాబట్టి ఆ పట్టీ పనిచేయదు, బొమ్మలో ఒకే చోట ఉండిపోతుంది. చేయగలిగింది వేరే ఉంది. రికార్డర్‌కు తాళం, పాస్‌వర్డు ఒక్కరి దగ్గరే, గార్డుల ఫోన్లలో యాప్ వద్దు, ముప్పై రోజులకు దానంతట అది చెరిగిపోవాలి. ప్లాంటు హద్దు దాటి ఊరి దారి ఎక్కగానే జీపీఎస్‌ను బట్టి పక్క లెన్సుల రికార్డింగ్ ఆగేలా కొన్ని రికార్డర్లలో కట్టొచ్చు, అడిగి చూడండి.

కడప వకీలు, కడప
2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, 2017లో గోప్యత ప్రాథమిక హక్కు అని పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలు ఒక్కమాటగా చెప్పారు. చట్టం దాకా ఎందుకు, బండి మీద రెండు వైపులా తెలుగులో పెద్ద అక్షరాలతో రికార్డింగ్ జరుగుతోందని, ఎవరిని అడగాలో ఫోన్ నంబరుతో రాయించండి. పంచాయతీలో ఒకసారి కూర్చుని చెప్పండి.

అనంత గస్తీ, అనంతపురం
పది రోజుల తర్వాత మళ్లీ రాస్తున్నాను.

ఇద్దరు డీలర్లనూ రాత్రి పూట ప్లాంటుకే పిలిచాను. పగలు ఆఫీసులో చూపిస్తామన్నారు, ఒప్పుకోలేదు. కంచె పక్కన 5, 12, 20 మీటర్లకు సున్నంతో గీతలు గీశాను. మా గార్డు ఒకతన్ని ప్రతి గీత మీదా కూర్చోబెట్టి, చేతికి గోనెసంచి ఇచ్చి, పక్కన బైకు నిలబెట్టి బండిని గంటకు 10లో నడిపించాను. ఫిష్‌ఐలో 12 మీటర్ల దగ్గర మనిషి ఒక బూడిదరంగు ముద్ద. అది మనిషో రాయో నాకే తెలియలేదు. నాలుగు లెన్సుల దాంట్లో 12 దగ్గర గోనెసంచి మీద ఉన్న ఎర్ర గీత కూడా కనిపించింది, మొహం తెలియలేదు. 20 దగ్గర మనిషి ఉన్నాడని తెలిసింది, అంతే. వెనక పెట్టిన 16 ఎంఎం లెన్సు బైకు ప్లేటును 8 మీటర్ల దగ్గర స్పష్టంగా చదివింది.

నాలుగు లెన్సుల పనోరమిక్, ముందూ వెనకా ఇరుకు లెన్సులు, మొబైల్ డీవీఆర్, రెండో బ్యాటరీ. బడ్జెట్ కంటే 18 వేలు ఎక్కువైంది. సున్నం గీతల వీడియో చూపిస్తే ప్లాంటు మేనేజర్ ఆ మిగతాది ఒప్పుకున్నారు. ఊళ్లో పంచాయతీ దగ్గర కూర్చున్నాం. తెల్లారి నాలుగున్నర నుంచి ఆరు దాకా ఊరి వైపు దారిలో బండి తిప్పబోమని రాసిచ్చాను.

పెద్దాయనా, మీ మోటారు ఉన్న పొలం మా కంచెకు దగ్గరైతే చెప్పండి, మా రౌండులో ఆ దారి కూడా కలుపుతాను.

మిట్టపల్లె, అనంతపురం జిల్లా
మాది మీ వైపు కాదు నాయనా, కళ్యాణదుర్గం పక్క. అయినా అడిగావు, సంతోషం.

క్వారీ కన్ను, ఎర్రగుంట్ల
పైపు వెల్డింగ్ అయ్యాక ఒకసారి డీజిల్ ట్యాంకు మూత దగ్గర మనిషిని కూర్చోబెట్టి చూడండి తమ్ముడూ. అది కనిపిస్తేనే బిల్లు కట్టండి.